ఆవగింజంత సింహం

జూలో సింహాన్ని నేను చాలా దగ్గర నుంచి చూశాను. ఊచలకు ఇవతల నిలబడి, అది ఆవలిస్తే జవాబుగా నేనూ ఆవలించి, చుట్టూ ఉన్నవాళ్లను నవ్వించిన ధీరుణ్ణి. అదే నేను, ఒక గిన్నె అడుగున ఆవగింజంత సింహాన్ని చూసి అన్నం సయించక, ఖాకీ బట్టలు వేసుకున్నాడన్న ఒకే ఒక్క కారణంతో పోస్టుమాన్‌ను చూసి గోడ చాటుకు తప్పుకున్నాను. పాపం, ఆయన నాకు పెళ్లి శుభలేఖ ఒకటి ఇవ్వడానికి వచ్చాడు. పెద్ద సింహానికి లేని భయం చిన్నదానికి ఎందుకని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. పెద్దది బోనులో ఉంది, చిన్నది మా వంటింట్లో ఉంది అని చెప్తాను. నవ్వుతారు గానీ ఒప్పుకోరు.

నా చదువు అయిదో తరగతి దగ్గర ఆగింది. ఆగింది అనడం మర్యాద. బడే నాకు దణ్ణం పెట్టి సాగనంపింది. ఆ తర్వాత ఏవేవో పనులు చేసి చివరికి పాత వెండి దగ్గర కుదిరాను. జహనుమా బస్తీలో మా ఇంటి అరుగే నా దుకాణం. నాకొక భాగస్వామి ఉండేవాడు. బార్కస్ నుంచి పాత సైకిల్ మీద వచ్చేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నాకంటే రెండింతలు లావు. నేను భాయ్ అనేవాణ్ణి. ఖాళీ అయిపోతున్న నవాబుల దేవిడీల్లో హర్రాజ్ వేలం పాటలు జరిగినప్పుడు వెళ్లి వెండి సామాను పాడుకొని రావడం ఆయన పని. దాన్ని కుంకుడు రసంతో తోమి, చార్‌కమాన్‌లోని వెండి సేట్ దగ్గరికి తీసుకుపోయి, అతన్ని నవ్వించి, ఆ నవ్వులో రేటు పెంచుకోవడం నా పని.

మా వ్యాపారమంతా ఒక్క ప్రశ్న మీద నడిచేది. వచ్చిన వస్తువును కరిగించాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? సాయంత్రం అరుగు మీద రెండు కుప్పలు పోసేవాళ్లం. సొట్టలు పడ్డవి, అతుకులు వేసినవి కొలిమి కుప్పలోకి. చూడ చక్కనివి రెండో కుప్పలోకి. కరిగిస్తే చేతికి వెంటనే డబ్బు, కానీ ఉత్త బరువుకే. అట్లాగే అమ్మితే పనితనానికి కూడా ధర వస్తుంది గానీ కొనే మనిషి దొరికేదాకా కూర్చోవాలి. ఎప్పుడూ రెండో కుప్ప కొంచెం పెద్దగానే ఉండేది. అయితే నేను చెప్తున్న ఆ ఏడు వెండి ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా ఎక్కుతూ పోయింది. ఊళ్లో అందరికీ కొలిమి పిచ్చి పట్టింది. నవాబుల తమలపాకుల పాన్‌దాన్‌లు, పన్నీరు చల్లే గులాబ్‌పాష్‌లు, అత్తరు పెట్టెలు అన్నీ అగ్గిలోకే. ఎంత పూల పని చేసినా కరిగాక అన్నీ ఒకే రకం ముద్ద. నా క్లాసులో పిల్లలంతా వేరువేరు ఇళ్ల నుంచి వచ్చి, పరీక్షలో ఒకే సున్నా తెచ్చుకున్నట్టు.

సేట్ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కరిగించే వస్తువు మీద మొదటి సుత్తి దెబ్బ అమ్మేవాడే వేయాలి. తర్వాత వచ్చి, నా వస్తువు నీకు అమ్మలేదు, చూపించాను అంతే అనడానికి వీల్లేకుండా. ఒక్క దెబ్బ పడిందా, ఇక అది వస్తువు కాదు, వెండి. ఎందరో పెద్దింటివాళ్లు ఆ సుత్తి చేతిలోకి తీసుకుని గోడవైపు చూడటం నేను చూశాను. నాకు మాత్రం అది టెంకాయ కొట్టినంత తేలిక. అప్పటిదాకా.

ఆ చలికాలంలో భాయ్ మొదటిసారిగా, దొరలుండిన లష్కర్‌లో ఒక బంగళా హర్రాజ్ నుంచి దుప్పటి మూట తెచ్చాడు. ఎవరో దొరసాని చనిపోతే సామానంతా పాటలో పెట్టారట. మూటలో ఒక చాయ్ కెటిల్, ఒక పళ్లెం, చెంచాలు, ఇంకా ఒక వింత వస్తువు. అరచేతిలో ఇమిడేంత గిన్నె. పిడి లేదు. ఒక పక్క పిట్ట ముక్కులా సాగి ఉంది. అది దొరల దీపపు ప్రమిద అన్నాడు భాయ్. కాదు, సిగరెట్ బూడిద రాల్చుకునేది అన్నాను నేను. ఎటూ తేలక, కొలిమి కుప్పలో వేయబోతుంటే మా ఆవిడ లోపలి నుంచి బియ్యం చేట పట్టుకుని వచ్చి ఆగింది.

"గిది ఉగ్గుగిన్నె. ఇద్దరికీ కండ్లు గానొస్తలేవా?"

అప్పటికి మా వాడికి అయిదో నెల. మా ఆవిడ పుట్టింటి వైపు ఒక వెండి ఉగ్గుగిన్నె ఉండేది. ఒక్కటే. ఎవరికి బిడ్డ పుడితే వాళ్లింటికి వెళ్తుంది, ఆ బిడ్డ అన్నం తినడం మొదలుపెట్టాక ఇంకో ఇంటికి. మా ఆవిడ కూడా దాంతోనే పెరిగింది. కానీ మా వాడు పుట్టేసరికి అది వాళ్ల అక్క దగ్గర ఉంది. అక్క బిడ్డ దాన్ని వదలడం లేదు, అక్కేమో ఇవ్వనని అనడం లేదు, పంపడమూ లేదు. ఉప్పుగూడ నుంచి మా అత్త వచ్చినప్పుడల్లా ఆ గిన్నె గురించి తల్లీకూతుళ్లు గుసగుసలాడుకునేవాళ్లు. ఈ లోపు మా వాడు స్టీలు చెంచా చూస్తే పెదవులు బిగించేవాడు. పాలు బయటికీ, ఏడుపు లోపలికీ.

మా ఆవిడ ఆ గిన్నె తీసుకెళ్లి వేడినీళ్లతో కడిగి, పాలు పోసి, ఆ ముక్కును వాడి పెదవుల మధ్య ఆనించింది. వాడు గుటుక్కున మింగి, ఇంకా కావాలని కాళ్లు ఆడించాడు. దొరసాని గిన్నె అని వాడికి తెలియదు. ఇంగ్లండులో కూడా పిల్లలకు ఉగ్గు పోస్తారన్న సంగతి మాకు ఆ రోజే తెలిసింది.

సరుకు ఇంట్లో పెట్టుకోవడం వ్యాపారం కాదని నేను అన్నాను. మిగతా సామాను పోయేదాకా ఉండనీ అంది. మిగతా సామాను పోయాక ఏం చెయ్యాలో ఇద్దరమూ మాట్లాడలేదు. ఇంట్లో సంతోషంగా ఉన్నప్పుడు ఎవరు నోరు తెరుస్తారు. వాడు కడుపునిండా తాగి నిద్రపోతున్నాడు, నేనూ నిద్రపోతున్నాను.

నా నిద్ర కొద్ది రోజులే. ఒక ఆదివారం గిన్నె నల్లబడిందని నేనే చింతపండు పెట్టి తోమాను. మెరుపు వచ్చేసరికి అడుగున నాలుగు చిన్న ముద్రలు బయటపడ్డాయి. ఎండలోకి పట్టుకుని చూశాను. ఒక సింహం. ఒక మనిషి తల. ఒక అక్షరం. ఒక కొక్కెం.

సింహాన్ని చూడగానే నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి చారాణా బిళ్ల తీసింది. బిళ్ల మీదా సింహాలే. అంటే ఇది సర్కారు ముద్ర. సర్కారు గిన్నె మా ఇంట్లో ఉంది, అందులో నా కొడుకు పాలు తాగుతున్నాడు. బిళ్ల మీద మూడు సింహాలున్నాయి, ఇక్కడ ఒక్కటే కదా అని ఒక క్షణం ఆశపడ్డాను. మిగతావి అరిగిపోయి ఉంటాయని మనసు వెంటనే చెప్పింది. ఆ తర్వాత నాలుగు ముద్రలూ వరుసగా చదువుకున్నాను. సింహం సర్కారు. తల జడ్జీగారిది. అక్షరం నా కేసు నంబరు. కొక్కెం నన్ను తగిలించడానికి. అయిదో తరగతి చదువుతో నేను మొట్టమొదటిసారి తప్పు లేకుండా చదివింది అదే అనుకున్నాను.

మా పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన ఆఫీసు గుమాస్తా ఒకాయన అద్దెకు ఉండేవాడు. చదువుకున్నవాడు, భూతద్దం ఉన్నవాడు. ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన గిన్నెను బల్ల మీద బోర్లించి చాలాసేపు చూశాడు. నాకు ఆ సేపంతా మా వీధి చివర చాయ్ తాగడానికి వచ్చే పోలీసు సైకిల్ బెల్లు వినిపిస్తూనే ఉంది.

"సందేహం ఏమీ లేదండీ. ఇది గవర్నమెంటు ప్రాపర్టీయే" అన్నాడాయన. వాళ్ల ఆఫీసులో కుర్చీకీ, బీరువాకీ, చివరికి చెత్తబుట్టకీ ఇట్లాగే ముద్రా నంబరూ ఉంటాయట. అద్దంలో చూస్తే ఆ తల తెల్లదొరల రాణిది లాగుంది కదా, ఆ సర్కారు ఎప్పుడో పోయింది కదా అని నేను నసిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ప్రభుత్వం మారితే సొత్తు గాలికి పోతుందాండీ? పాత ప్రభుత్వానిది కొత్త ప్రభుత్వానికి సంక్రమిస్తుంది."

మరి సింహం ఒక్కటే ఎందుకుంది అని చివరి ప్రయత్నంగా అడిగాను. మిగతావి దాని వెనకాల ఉంటాయి, మనకు కనపడవు అన్నాడు. స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోమని సలహా ఇచ్చాడు. అర్జీ తనే రాసిపెడతానన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూస్తే, పాపం ఆఫీసులో ఆయనకు చాలా రోజులుగా మంచి అర్జీ దొరకలేదని తెలిసిపోయింది.

స్టేషనులో గిన్నె ఒక్కటే అప్పగిస్తే ఊరుకుంటారా? కెటిల్ ఏది, చెంచాలు ఏవి, ఆ లావాటి మనిషి ఏడి అంటారు. ఇంటికి వచ్చి కెటిల్ తిరగేశాను. సింహం. చెంచాలు తిరగేశాను. ఒక్కొక్క చెంచాకూ ఒక్కొక్క సింహం. నా అరుగు మీద అడవి మొలిచింది.

భాయ్ వచ్చాక చెప్పాను. ముందు కోప్పడ్డాడు. నలుగురిలో, పట్టపగలు, గొంతెత్తి పాడుకున్న సరుకు అన్నాడు. తర్వాత చెంచా ఒకటి కళ్ల దగ్గర పెట్టుకుని చూసి చల్లబడ్డాడు. కాసేపు మీసం దువ్వుకుని, గొంతు తగ్గించి, "గలా దో మియా" అన్నాడు. కరిగించెయ్యి అని. ముద్దకు ముద్ర ఉండదు, ముద్ర లేకపోతే సర్కారు లేదు. ఏది కరిగించాలి, ఏది అమ్మాలి అని గంటలకొద్దీ వాదించుకునే మేము ఆ రోజు ఒక్క మాటలో తేల్చేశాం.

మిగిలింది మా ఆవిడ. గిన్నె ఇప్పుడే కావాలన్నాను. ఆమె వాడికి పాలు పడుతోంది. సంగతంతా చెప్పాను. సర్కారు, సింహం, గుమాస్తాగారి భూతద్దం, స్టేషను. ఆమె పూర్తిగా విని, వాడి మూతి తుడిచి, నన్ను చూసింది.

"సర్కారుకు ఉగ్గుగిన్నె ఎందుకు? కలెక్టర్ సాబ్ ఉగ్గు తాగుతడా?"

ఆ ప్రశ్నకు నాకు కోపం వచ్చింది. నన్ను లోపలేస్తే వీణ్ణి ఎవరు సాకుతారని అరిచాను. ఆమె గిన్నె ఒంపేసి నా చేతిలో పెట్టింది. కడగలేదు. కావాలనే కడగలేదని నాకిప్పటికీ అనుమానం. "తీస్కపో. వానికి రేపు పాలు నువ్వే తాగియ్యి, స్టీలు చెంచతోని" అంది. నాకు స్టేషను కంటే అదే ఎక్కువ భయం వేసింది. అయినా వెళ్లాను.

చార్‌కమాన్‌లో సేట్ దుకాణం ముందు గద్దె మీద మేమిద్దరం కూర్చున్నాం. మామూలుగా అయితే నేను వెళ్తూనే ఒక జోకు వేసేవాణ్ణి. ఆ రోజు జోకు లేకుండానే మూట ముందుకు తోశాను. సేట్‌కు అక్కడే అనుమానం వచ్చిందని తర్వాత చెప్పాడు. సరుకంతా ఎందుకు కరిగిస్తున్నారు, పళ్లెం బాగుంది కదా అని అడిగాడు. రేటు బాగుందని భాయ్ అన్నాడు. విలాయతీ వెండిలో గట్టితనం కోసం కొంచెం రాగి కలుపుతారు, కరిగిస్తే ఆ మేరకు కోత పెడతాను, తర్వాత నన్ను అనొద్దు అన్నాడు సేట్. ఎంతైనా కోసుకో అన్నాను. బేరం ఆడని నన్ను చూసి ఆయన సుత్తి ఇవ్వడానికి కూడా సందేహించాడు.

మూటలో అన్నిటికంటే పైన గిన్నే ఉంది. నేనే కంగారులో చివర వేశాను. సేట్ దాన్ని దిమ్మె మీద బోర్లించాడు. సుత్తి నా చేతికి వచ్చింది. పైకెత్తాను. దిమ్మె దగ్గరికి వంగేసరికి పాల వాసన. మా వాడి మెడ మడతల్లో ఉండే వాసన. ముక్కు దగ్గర ఒక తెల్ల చుక్క ఇంకా ఆరలేదు. చెయ్యి దిగలేదు. ఇప్పటిదాకా ఎందరి పాన్‌దాన్‌ల మీదో టెంకాయ కొట్టినట్టు కొట్టిన నేను గోడవైపు చూశాను. గోడ మీద చూడ్డానికి ఏమీ లేదని అప్పుడు తెలిసింది. పెద్దింటివాళ్లంతా ఏమీ లేని గోడనే చూశారన్నమాట.

"ఏందయ్యా, చెయ్యి పట్టుకుందా?" అన్నాడు సేట్.

అట్లా అడిగేసరికి నా నోటి నుంచి అంతా దొర్లిపోయింది. భాయ్ నా తొడ గిల్లుతూనే ఉన్నాడు, నేను చెప్తూనే ఉన్నాను. సర్కారు సింహం, రాణి తల, కొక్కెం, కలెక్టర్ సాబ్, ఉగ్గు. సేట్ మొదట మామూలుగా విన్నాడు. తర్వాత నవ్వు దాచుకోవడానికి, కొంగు లేదు కాబట్టి, లెక్కల అట్ట నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత అదీ పెట్టుకోలేకపోయాడు. లోపలికి కేకేసి ఒక డబ్బా తెప్పించి మా ముందు గుమ్మరించాడు. చెంచాలు, ముళ్ల గరిటెలు, చక్కెర పట్టుకునే చిమటాలు. ఒకటి తీసి తిరగేశాను. సింహం. ఇంకొకటి. సింహం. గుప్పెడు తీసి తిరగేశాను. అన్నిటి మీదా ఒకటే కాలు ఎత్తి నడుస్తున్న ఒకటే సింహం.

"షేర్ హై తో మాల్ సచ్చా" అన్నాడు సేట్ కళ్లు తుడుచుకుంటూ. సింహం ఉంటే సరుకు నిజమైనదని. విలాయత్‌లో వెండిని పరీక్ష చేసేవాళ్లు వేసే గుర్తట అది. సర్కారుది కాదు. దొంగను పట్టుకోవడానికి కాదు, కొనేవాడు మోసపోకుండా. "గిన్నేండ్లు ఈ ధంద చేస్తున్నవు, ఎన్నడూ తిరగేసి చూడలే?"

చూడలేదు. చూసే అవసరం రాలేదు. మా దగ్గరికి వచ్చేవన్నీ ఈ ఊరి కంసాలుల పనులే, వాటికి ముద్రలుండవు. ఒరగల్లు మీద గీస్తే చాలు. ఇంగ్లండు గిన్నె మా వంటింట్లోకి రావడం, దాన్ని నేనే తోమడం అదే మొదలు.

అప్పుడు నాకు కలిగిన తేలికను ఎట్లా చెప్పాలో తెలియదు. ఒక్కసారిగా ఆకలేసింది. సేట్ తెప్పించిన చాయ్ తాగి, భాయ్‌ది కూడా తాగేశాను. రోడ్డు మీద ఒక పోలీసు పోతుంటే పిలిచి సలాం చేశాను. ఆయన బిత్తరపోయి తిరిగి సలాం చేశాడు. భాయ్ మాత్రం, నాకు ముందే తెలుసు, నువ్వు భయపడ్డావని నేనూ ఊరుకున్నాను అన్నాడు. ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది, చలికాలంలో. స్నేహం అంటే కొన్ని తడి చొక్కాలు చూడకపోవడం.

అక్కడే కూర్చుని మళ్లీ మా పాత వాదన మొదలుపెట్టాం, అది మొదలుపెట్టగలిగినందుకే ఇద్దరికీ హాయిగా ఉంది. కెటిల్ మూతి ఎవరో సీసంతో అతికారు, పిడి విరిగింది. అది కొలిమికి. ఆ మొదటి దెబ్బ నేనే వేశాను, టెంకాయలాగే. పళ్లెం, చెంచాలు మాత్రం కరిగిస్తే రాగి కోత పోతుంది, పనితనం పోతుంది. ఆగుదాం, పాత వస్తువులు కొనే షోకు ఉన్నవాళ్లు వస్తారు అని నిర్ణయించాం. రెండు నెలలకు వచ్చారు కూడా. గిన్నె సంగతి వచ్చేసరికి సేట్ దాన్ని చేతిలో తిప్పుతూ, దీనికి షోకీన్లు మంచి ధర ఇస్తారు అన్నాడు. భాయ్ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, తన రుమాలుతో ఆ పాల చుక్క తుడిచి, నా భుజం మీది తువ్వాలులో చుట్టి ముడేశాడు. అందులో సగం వాటా ఆయనది. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. ఆయన పెద్ద కూతురికి అప్పుడు ఏడో నెల కడుపు. గిన్నె తర్వాత ఎక్కడికి వెళ్లాలో మాకిద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మా వాడు ఏడుస్తున్నాడు, పక్కన స్టీలు చెంచా బోర్లా పడి ఉంది. తువ్వాలు ముడి విప్పాను. మా ఆవిడ గిన్నె తీసుకుని కడిగి పాలు పోసింది. వాడు తాగుతున్నంతసేపూ గుటకలు లెక్కపెట్టినట్టు వింటూ కూర్చున్నాను. పక్కింటి గుమాస్తాగారికి విషయం చెప్తే ఆయన మాత్రం దిగులుపడ్డాడు. అర్జీ అప్పటికే సొంత దస్తూరీతో, మార్జిన్ వదిలి, అందంగా రాసి ఉంచాడు. వృథా పోతుందే అన్నాడు.

ఆ గిన్నె మా వాడి తర్వాత బార్కస్‌కు వెళ్లింది. అక్కడ భాయ్ మనవరాలు దాంతో తాగింది. మా రెండోవాడు పుట్టేసరికి తిరిగి జహనుమాకు వచ్చింది. మా ఆవిడ అక్క దగ్గరున్న పాత గిన్నె సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. మా అత్త వచ్చినప్పుడల్లా, అల్లుడు ఇంగ్లండు గిన్నె తెచ్చాడని ఉప్పుగూడ అంతా చెప్పుకునేది. కరిగించడానికి తీసుకుపోయిన సంగతి ఆమెకు మా ఆవిడ చెప్పలేదు. నాకు చెప్పడానికి దాచుకుంది.

రెండోవాడు పాలు తాగే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆకలితో ఇంటికి వచ్చాను. అత్తా, ఆవిడా ఇద్దరూ వాడి చుట్టూ కూర్చుని ఉన్నారు, నాకు కంచం పెట్టేవాళ్లు లేరు. సింహంలాంటి మొగవాణ్ణి ఇంటికి వస్తే ఒక్కరూ లేవరేంటి అని గుమ్మంలో నిలబడి గంభీరంగా అడిగాను. మా ఆవిడ తలెత్తకుండా, వాడి నోట్లో ముక్కు పెట్టి గిన్నె వంచుతూ అంది.

"సింహానివే, నేనేం కాదంటలే. పోరడు తాగినాంక గిన్నె కడిగి బోర్లిస్తం గద, అప్పుడు కనవడ్తవు. జర ఆగు."